పిడి కింద దాగిన సంతకం: ఒక జపాన్ సైనిక ఖడ్గం కేసు

పాత సైనిక ఖడ్గాలను పరిశీలించి, వాటి వివరాలు రాసి, సొంతదారుల తరఫున అమ్మిపెట్టడం చాలా ఏళ్లుగా నా వృత్తి. ఈ కేసును రాయడానికి ముఖ్య కారణం ఇందులో నేను చేసిన పొరపాటు. ఫోటోలు చూసి తొందరపడి అన్న ఒక మాట వల్ల, కొన్ని వందల ఏళ్ల నాటి ఉక్కు మీద బెత్తెడు మేర గాయం పడింది. ఆ తరవాత మేం చేసిన పనులన్నీ ఆ నష్టం ఇంకా పెరగకుండా చూసుకోవడానికే. కుటుంబాన్ని గుర్తుపట్టగల వివరాలు తీసేశాను. రాయడానికి వారి అనుమతి ఉంది.

నేపథ్యం

కత్తి ఒక పెద్దావిడది. ఆవిడ తండ్రి రెండో ప్రపంచ యుద్ధంలో మిత్రపక్షాల సైనికుడిగా ఆగ్నేయాసియాలో పనిచేశారు. 1945లో జపాన్ లొంగిపోయాక అక్కడి జపాన్ అధికారులు తమ ఖడ్గాలను అప్పగించారు. అలా పోగుపడిన వాటిలో కొన్ని గెలిచిన పక్షం సైనికులకు జ్ఞాపికలుగా దక్కాయి. ఇదీ అలా వచ్చిందే. ఆయన బతికున్నంతకాలం ఏడాదికి ఒకసారి నూనె రాసి మళ్లీ పెట్టెలో పెట్టేవారట, పిల్లలను ముట్టుకోనిచ్చేవారు కారట. "ఇది ఒక జనరల్ నడుముకు వేలాడిన కత్తి" అని మాత్రం చెప్పేవారు. ఆయన పోయాక ముప్పై ఏళ్లకు పైగా దాన్ని ఎవరూ ఒరలోంచి తీయలేదు.

ఇప్పుడు ఇల్లు ఖాళీ చేయాల్సి వచ్చింది. కత్తిని ఉంచుకునే ఉద్దేశం కుటుంబంలో ఎవరికీ లేదు. పెద్దావిడ కొడుకు నాకు ఆరు ఫోటోలు పంపి రెండు ప్రశ్నలు అడిగారు. ఇది నిజంగా జనరల్‌దేనా? అమ్మేముందు తుప్పు వదిలించి మెరిసేలా చేయించమంటారా?

నా తొలి మాట, దాని ఫలితం

ఫోటోల్లో కనిపించింది 1938లో జపాన్ సైన్యం ఖరారు చేసిన అధికారుల నమూనా. చెర్రీ పూల అలంకారంతో ఇత్తడి సామాను, రే చేప చర్మం మీద అల్లిన గోధుమరంగు పట్టీ, తోలు కప్పిన ఒర. బ్లేడు మీద పొడలు పొడలుగా తుప్పు. మొనకు దగ్గరగా వాదర మీద ఒక చిన్న పెచ్చు ఊడి ఉంది. వాదర వెంట సాగాల్సిన గట్టి ఉక్కు తాలూకు తెల్లని అల, జపాన్ వాళ్లు హామోన్ అనేది, తుప్పు కింద కనిపించలేదు.

నా దగ్గరికి ఇలాంటి సామానుతో వచ్చే కత్తుల్లో ఎక్కువ భాగం 1930, 40 దశకాల్లో సైన్యం కోసం పెద్ద సంఖ్యలో తయారైనవే. నీటికి బదులు నూనెలో ముంచి గట్టిపరచిన ఉక్కు, సంప్రదాయ పద్ధతిలో మడతలు వేసి సాగగొట్టనిది. ఆ అలవాటుతో, "ఇది చాలావరకు యుద్ధకాలపు ఫ్యాక్టరీ కత్తి. తీసుకొస్తే చూసి ఖాయం చేస్తాను" అని జవాబిచ్చాను.

నాకు ఆ వాక్యంలో ముఖ్యమైనది రెండో సగం. వాళ్లకు మొదటి సగమే మిగిలింది. ఫ్యాక్టరీ సరుకే అయితే ఏం పోతుందిలే అనుకుని, కొడుకు ఉప్పుకాగితం తెచ్చి ఒక పక్క రుద్దారు. బెత్తెడు మేర తుప్పు పోయి తెల్లబడింది. పని బాగానే సాగుతోందని పిడి కూడా ఊడదీయబోయారు. అది రాలేదు. మిగతాది బఫింగ్ చక్రం ఉన్న పనివాడికి ఇద్దామనుకున్నారు. అంతలో పెద్దావిడ అడ్డుపడి, ముందు నాకు చూపించమన్నారట. ఆవిడ ఆ మాట అనకపోతే ఈ కేసు అక్కడితో ముగిసేది. బఫింగ్ చక్రం కింద పుట్టే వేడి వాదర గట్టిదనాన్నే చంపేయగలదు. పైగా అది బ్లేడు గీతలన్నిటినీ గుండ్రం చేసేస్తుంది.

చేతిలోకి వచ్చాక

కత్తిని వాదర పైకి ఉండేలా పట్టుకుని, వెన్ను ఒర లోపలి కొయ్యకు ఆనేలా నెమ్మదిగా లాగాను. అరచెయ్యి మేర బయటికి రాగానే నా అంచనా కదిలింది. బ్లేడు పిడి దగ్గర లోతుగా వంగి, మొన వైపు సన్నబడుతోంది. చేతిలో దాని తూకం యుద్ధకాలపు కత్తుల్లా ముందుకు లాగడం లేదు. కొలిస్తే బ్లేడు పొడవు 64 సెంటీమీటర్ల లోపే ఉంది.

అప్పుడు ఫోటోలను మళ్లీ తెరిచి చూశాను. నేను దాటేసిన గుర్తులు రెండు అందులోనే ఉన్నాయి. ఒర మామూలు లోహపుది కాదు, కొయ్య ఒర మీద తోలు తొడుగు. పిడి కొస సామాను మీద మట్టిముద్ద అనుకున్నది చిలుము పట్టిన చిన్న వెండి వంశచిహ్నం. ఈ రెండిట్లో ఏదీ బ్లేడు పాతదని రుజువు చేయదు. కానీ యుద్ధానికి వెళ్లే కొడుక్కి ఇంట్లో తరతరాలుగా ఉన్న కత్తికి సైన్యం నమూనా సామాను తొడిగించి ఇవ్వడం ఆ రోజుల్లో జపాన్ కుటుంబాల్లో ఉన్న పద్ధతే. అంటే పైసామాను 1938 నమూనా అయినంత మాత్రాన లోపలి ఉక్కు వయసు తెలియదు. ఇది నాకు తెలియని సంగతి కాదు. తెలిసీ ఫోటో ముందు మరిచాను.

పెద్దావిడ నన్ను సూటిగా అడిగారు: "మీరే కదండీ ఫ్యాక్టరీ సరుకన్నారు?"

"అవునమ్మా, అన్నాను. చూడకుండా అన్నాను. అది నా తప్పు" అని ఒప్పుకున్నాను. తరవాత పెట్టిన షరతు ఒక్కటే. పిడి కింద ఏముందో తెలిసేదాకా ఎవరూ దాన్ని దేనితోనూ రుద్దకూడదు.

పిడి ఊడదీయడం

జపాన్ కత్తి పుట్టుపూర్వోత్తరాలన్నీ పిడి లోపలికి దిగే భాగంలో ఉంటాయి. దాన్ని నకాగో అంటారు. కమ్మరి దాన్ని కావాలనే సానపట్టకుండా వదిలేస్తాడు. దాని మీది ఆకురాయి గీతలు, కొస కోసిన తీరు, తుప్పు రంగు, సంతకం ఉంటే ఆ సంతకం, అన్నీ కలిస్తే ఒక జాతకంలా చదవొచ్చు. యుద్ధకాలపు కత్తి అయితే అక్కడ చిన్న ముద్ర ఉండే అవకాశం ఎక్కువ. కాబట్టి ఏ నిర్ణయమైనా పిడి ఊడాకే.

పిడిని పట్టి ఉంచేది ఒక్క వెదురు చీల. అది ఒక కొస లావుగా, ఇంకో కొస సన్నగా ఉంటుంది. సన్న కొస వైపు నుంచి నెట్టాలి. కుటుంబం మేకు పెట్టి లావు వైపు నుంచి కొట్టింది. చీల ఇంకా బిగుసుకుపోయి, దాని తల చితికింది. సరైన వైపు నుంచి ఇత్తడి పుల్లతో మెల్లగా తట్టాను, కదలలేదు. ఒక చుక్క నూనె వేస్తే జారుతుందేమో అన్న ఆలోచన వచ్చింది, మానుకున్నాను. నూనె పిడి కొయ్యలోకి ఇంకితే పట్టీ, చేప చర్మం అంటించిన జిగురు దెబ్బతింటుంది, నకాగో మీది తుప్పు రంగు కూడా మారుతుంది. చీలను తొలిచేయడం ఇంకో దారి. చీల కొత్తది చేసుకోవచ్చు గానీ, తొలిచే పనిముట్టు గురి తప్పి ఇనుము రంధ్రం అంచును గీకితే ఆ గీత శాశ్వతం.

అందుకని కత్తిని పది రోజులు తేమ తక్కువగా ఉండే గదిలో ఉంచాను. కొయ్య తేమకు ఉబ్బి ఉంటే ఆరాక కాస్త వదులవుతుందని ఆశ. పదకొండో రోజు చీల రెండు ముక్కలై వచ్చింది. పిడి మాత్రం కదలలేదు. ఎడమ చేత్తో పిడి పట్టుకుని, బ్లేడును నిలువుగా కాస్త వాల్చి ఉంచి, కుడి పిడికిలితో ఎడమ మణికట్టు మీద కొట్టడం పాత పద్ధతి. ఆ అదురుకే పిడి జారాలి. ఇరవై ముప్పై దెబ్బలకూ జారలేదు. చివరికి, పిడికీ బ్లేడుకూ మధ్య చేతికి కాపుగా ఉండే అడ్డుపలక ముందున్న పలుచని ఇత్తడి పలకల మీద ఆనేలా గాడి తీసిన కొయ్య దిమ్మ పెట్టి, కొయ్య సుత్తితో ఒక్కో వైపు ఒక్కో దెబ్బ, చాలా చిన్నగా, కొడుతూ పోయాను. గంటకు పైగా పట్టింది. చివర్లో పిడి ఒక్కసారిగా వచ్చేసింది. దానితో పాటు పాత కొయ్య పొడి రాలింది.

ఇత్తడి పలకల మీద, అడ్డుపలక మీద ఒకే జత అంకె కొట్టి ఉంది. అంటే ఈ సామాను ఒకే కూర్పుగా తయారైంది, తరవాతెప్పుడో దొరికిన ముక్కలు కలిపి చేసింది కాదు. అమ్మకంలో ఇది చిన్న విషయం కాదు.

సంతకం, దాని ప్రమాదం

నకాగో రంగు ముదురు గోధుమ, దాదాపు నలుపు. వేలితో తాకితే నున్నగా ఉంది, ఎర్రని పొడి అంటలేదు. పొట్టిగా ఉంది. ఒక చేత్తో దూసి కొట్టే కాలపు కత్తులకు ఉండే పొట్టిదనం అది. రెండు రంధ్రాలు. ఒకటి పాతది, అంచులు అరిగి ఉన్నాయి. రెండోది సైన్యం సామాను తొడిగినప్పుడు వేసింది, అంచు పదునుగా ఉంది. ఒక పక్క ఆరు అక్షరాలు: బిషు ఒసాఫునె సుకెసదా. ఇంకో పక్క తేదీ ఉంది. ఏడాదిని తెలిపే యుగం పేరు ఉండాల్సిన చోటే కొత్త రంధ్రం పడింది, 'ఎనిమిదో నెల' అన్నది మాత్రం మిగిలింది.

బిషు అంటే బిజెన్ ప్రాంతమే. అందులోని ఒసాఫునె, నేటి ఒకయామా జిల్లాలోది, జపాన్ ఖడ్గ చరిత్రలో అతిపెద్ద కమ్మరి కేంద్రాల్లో ఒకటి. సుకెసదా పేరు అక్కడ ప్రసిద్ధం. కొడుకు ఫోనులో ఆ పేరు వెతికి, ప్రదర్శనశాలల్లో ఉన్న సుకెసదా కత్తులు చూసి ఉప్పొంగిపోయారు. ఆయనను ఆపడం నా పనుల్లో కష్టమైనది. ఎందుకంటే ఈసారి తప్పు అటు వైపు జరగబోతోంది. ఇందాక తక్కువ చేసి చెప్పాను, ఇప్పుడు ఎక్కువ చేసి చెప్పే అవకాశం వచ్చింది.

సుకెసదా ఒక మనిషి పేరు కాదు. పదిహేను, పదహారో శతాబ్దాల్లో జపాన్ అంతర్యుద్ధాలు సాగుతున్న కాలంలో ఆ పేరుతో ఒసాఫునెలో చాలామంది పనిచేశారు. యుద్ధాల గిరాకీకి అక్కడ కత్తులు కట్టలు కట్టలుగా తయారయ్యాయి. గొప్ప వ్యక్తి అడిగి చేయించుకున్న ప్రత్యేకమైన కత్తి మీద కమ్మరి సొంత పేరు కూడా చెక్కేవాడు. 1500ల తొలినాళ్లలో పనిచేసిన యోసొజయెమోన్‌నొజో సుకెసదా లాంటి వారి సంతకాలు అలా పొడవుగా ఉంటాయి. మన కత్తి మీద ఆ సొంత పేరు లేదు. ఆరు అక్షరాల పొట్టి సంతకం చాలావరకు సాధారణ సైనికుల కోసం చేసిన వాటి మీద కనిపిస్తుంది. 'రెండో నెల', 'ఎనిమిదో నెల' అన్నవి కూడా అలవాటుగా చెక్కే మాటలే గనక వాటి నుంచి ఏమీ తేల్చలేం. వీటన్నిటికీ తోడు, పేరున్న కమ్మరుల సంతకాలను తరవాతి వాళ్లు దొంగతనంగా చెక్కడం జపాన్ కత్తుల్లో కొత్త సంగతి కాదు.

సంతకం మీద పల్చటి కాగితం పరిచి, మైనం కలిపిన నల్లముద్దతో రుద్ది అచ్చు తీశాను. ఉలి ఎక్కడ ఆగింది, ఎటు తిరిగింది, గీత ఎక్కడ లావెక్కింది అన్నవి ఫోటోలో కన్నా ఈ అచ్చులో తేటగా తెలుస్తాయి. దాన్ని ఇద్దరు నిపుణులకు, ఒకరి సంగతి ఒకరికి చెప్పకుండా, పంపాను. ఇద్దరూ ఒకే మాటన్నారు: పదహారో శతాబ్దపు పని, సంతకం నమ్మదగినదే, సాధారణ శ్రేణి, ఏ సుకెసదా అన్నది చెప్పలేం. మాకు కావలసింది ఆ జవాబే. అది మాకు కూడా సమంజసంగా అనిపించింది.

మెరుగు పెట్టించాలా

తరవాతి ప్రశ్న మెరుగు. జపాన్ పద్ధతిలో సానపట్టే నిపుణుడు ముతక రాయితో మొదలుపెట్టి, ఒకదాని కన్నా ఒకటి మెత్తనైన రాళ్ల మీదుగా వచ్చి, చివర్లో కాగితం మందాన ఉన్న రాతి చెక్కలను బొటనవేలి కింద పెట్టి రుద్దుతాడు. అప్పుడే ఉక్కు పొరల నేత, హామోన్ బయటపడతాయి. కానీ ప్రతి మెరుగూ కొంత ఉక్కును తినేస్తుంది. గట్టి పైపొర అరిగి లోపలి మెత్తని ఇనుము బయటపడితే ఆ కత్తికి మళ్లీ మెరుగు లేదు.

ఉప్పుకాగితం ఏం చేసిందో భూతద్దంతో చూశాను. తుప్పుతో పాటు, బ్లేడు పక్కభాగం వెంట వెన్నుకు సమాంతరంగా సాగే పదునైన గీత అక్కడ మొద్దుబారింది. తాకి చూస్తే తేడా తెలుస్తుంది. ఆ గీతను మళ్లీ నిలబెట్టాలంటే దాని చుట్టూ ఉన్న ఉక్కునంతా ఆ లోతుకు దించాలి. బెత్తెడు తప్పు సరిచేయడానికి మొత్తం బ్లేడు మూల్యం చెల్లించాలన్నమాట.

మొన దగ్గరి పెచ్చు భయపెట్టేదే గానీ ప్రాణాంతకం కాదు. హామోన్ ఇంకా దాని కింద నుంచి సాగుతోంది. నిజంగా ప్రాణం తీసేది వాదరకు అడ్డంగా పడే వెంట్రుకంత పగులు, హగిరె. ఒక పక్క నుంచి దీపం వేసి, వాదర మొత్తాన్ని అంగుళం అంగుళం చూశాను. కనిపించలేదు. అయితే తుప్పు ఉన్న చోట్ల కింద ఉండవచ్చు. మెరుగు పెట్టించాక అలాంటి పగులు బయటపడితే ఆ ఖర్చంతా నీటిపాలే. ఆ జూదం కుటుంబం ఆడకూడదని చెప్పాను. కొనే సేకర్తకు సొంత సాన నిపుణుడు ఉంటాడు, ఆ నిర్ణయం అతని చేతిలో ఉండాలి.

చేసిందల్లా ఇంతే. స్వచ్ఛమైన ఖనిజ నూనె, కుట్టుమిషనుకు వేసేలాంటి పల్చటిది, మెత్తని గుడ్డ మీద వేసి వెన్ను వైపు నుంచి తుడవడం, ఒక రోజు ఉంచి మళ్లీ తుడవడం. నాలుగో వారానికి గుడ్డకు ఎర్రదనం అంటడం ఆగింది. నకాగోను ముట్టుకోలేదు, మెత్తని గుడ్డతో కొయ్య పొడి దులపడం తప్ప.

జనరల్ ఎవరు

పిడి పనిలో ఉండగా పెద్దావిడ ఒక రేకు డబ్బా తెచ్చారు. పాత బొత్తాలు, నాణేలు, వాటి అడుగున మాసిన గుడ్డ చీటీ. కత్తికి కట్టి ఉండేదని, చిన్నప్పుడు తనే తెంపానని చెప్పారు. దాని మీద సిరాతో జపాన్ అక్షరాలు. అప్పగించే వేళ చాలామంది అధికారులు ఇలా పేరు, ఊరు రాసి కట్టేవారు. చదవగలిగిన వారికి చూపిస్తే ఇంటిపేరు, జిల్లా, లెఫ్టినెంట్ హోదా తేలాయి. పిడికి వేలాడే కుచ్చు కూడా అదే చెప్పింది. గోధుమ, నీలం రంగులు కింది స్థాయి అధికారులవి. మేజర్ నుంచి కర్నల్ దాకా ఎరుపు, జనరళ్లకు బంగారు రంగు.

ఈ మాట ఆవిడకు ఎలా చెప్పాలా అని ఆలోచించాను. "మీ నాన్నగారికి అలా అని ఎవరో చెప్పి ఉంటారు. చీటీ మీద ఉన్నది ఒక యువ లెఫ్టినెంట్ పేరు. ఆ కత్తి ఆయన ఇంటిది" అన్నాను. ఆవిడ చాలాసేపు చీటీనే చూసి, "అయితే వాళ్లింట్లో ఎవరైనా దీని కోసం ఎదురుచూసి ఉంటారు" అన్నారు.

నేను వేసుకోని ప్రశ్న అది. జపాన్‌లోకి ఖడ్గం తీసుకెళ్లాలంటే అక్కడ నమోదు చేయించాలి. సంప్రదాయ పద్ధతిలో చేసినవాటికే ఆ నమోదు దొరుకుతుంది, యుద్ధకాలపు ఫ్యాక్టరీ కత్తులకు దొరకదు. నా తొలి మాటే నిజమై ఉంటే దానికి ఇంటిదారే లేదు. ఇప్పుడు ఉంది. ఆ జిల్లాకు చెందిన ఒకరి ద్వారా ఏడాది పాటు ఆ కుటుంబం కోసం ప్రయత్నించాం. రాసిన ఉత్తరాలకు జవాబు రాలేదు. ఊళ్ల పేర్లు మారిపోయాయి, అదే ఇంటిపేరు వాళ్లు ఆ జిల్లాలో లెక్కలేనంతమంది.

అమ్మకం

ఏడాది తరవాతే అమ్మకానికి పెట్టాం. సాధారణ వేలంలో పెట్టలేదు. అక్కడ దాన్ని 'సమురాయ్ కత్తి' అని రాస్తారు, తొందర కొనుగోలుదారు నకాగోను తోమి మెరిపిస్తాడు. బిజెన్ పనిని సేకరించే ఒకరికి నేరుగా చూపించాం. దేశం దాటించే అనుమతులన్నీ అతని పేరుతో ముందే తీసుకున్నాకే ఒప్పందం. ఈ విషయంలో ప్రతి దేశానికీ తన చట్టం ఉంది, అమ్మకం ఖాయమయ్యాక చూసుకోవచ్చనుకుంటే సరుకు సరిహద్దులో ఆగిపోతుంది.

ఫోటో మీద అభిప్రాయం ఇవ్వడం అప్పటి నుంచి మానేశాను. ఇప్పుడు నా జవాబు ఒకటే: "దేనితోనూ రుద్దకండి, పిడి ఊడదీయకండి, కత్తితో పాటు డబ్బాల్లో ఉన్న గుడ్డముక్కలు, కాగితాలు కూడా తీసుకురండి." ఫ్యాక్టరీదా, పాతదా అన్న మాట నా నోట పిడి ఊడిన తరవాతే వస్తుంది.

కత్తితో పాటు ఇచ్చిన వివరపత్రంలో సంతకం గురించి 'పదహారో శతాబ్దపు ఒసాఫునె పని, సుకెసదా సంతకం ఉంది, ఆ పేరుగల ఏ కమ్మరి అన్నది చెప్పడం లేదు' అని రాశాను. లెఫ్టినెంట్ చీటీ అసలు ప్రతి, నల్లముద్ద అచ్చు, రెండు ముక్కలైన వెదురు చీల ఒక కవరులో పెట్టాను. ఆ జపాన్ కుటుంబం ఎప్పుడైనా దొరికితే ముందు వారికే అడిగే అవకాశం ఇస్తానని కొన్నవారు రాసి ఇచ్చారు, పెద్దావిడ కోరింది అదొక్కటే. లోపాల జాబితాలో మొన పెచ్చు తరవాత రెండో వరుసలో ఉన్నది ఇది: 'ఎడమ పక్క బెత్తెడు మేర ఉప్పుకాగితంతో రుద్దిన గుర్తు. వివరాలు రాసిన వ్యక్తి ఫోటోలు చూసి ఇచ్చిన తప్పుడు అభిప్రాయం తరవాత జరిగింది.'